అమ్మానాన్నలను ఓడ ఎక్కించే ముందు

ఏటా వేసవి రాగానే అమెరికాలోని తెలుగు ఇళ్ళల్లో ఒకే సంభాషణ నడుస్తుంది. "మావాళ్ళు వస్తున్నారండీ. కిందటిసారి నయాగరా, వాషింగ్టనూ అయిపోయాయి. ఈసారి అలాస్కా క్రూజుకు తీసుకువెళదామని. మీరు వెళ్ళొచ్చారు కదా, ఏమైనా చెప్పండి." ఇలా అడిగినవారికి ఫోనులో చెప్పీ చెప్పీ విసిగి, ఒకసారి కుదురుగా కూర్చుని రాసిపెడదామనుకున్నాను. సలహాల పట్టీగా మొదలుపెట్టినది కాస్తా రాయగా రాయగా ఒక అభిప్రాయంగా తయారయింది. అదేమిటంటే, ఓడ ప్రయాణానికి మనం చేసే ఏర్పాట్లలో ముప్పాతిక వంతు అక్కర్లేనివి. అక్కరయిన పావు వంతును చివరిదాకా పట్టించుకోం. ఏ రేవులో ఏం చూడాలో ఆర్నెల్ల ముందే టిక్కెట్లు కొంటాం. వీసా సంగతి, బీమా సంగతి, మోకాళ్ళ సంగతి మాత్రం ఓడ ఎక్కే వారం గుర్తొస్తాయి. నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే గనుక ఈ మాట కాస్త గట్టిగా అనే హక్కు నాకుందనుకుంటాను.

నిజానికి క్రూజు అంటే నాకు మొదట చిన్నచూపే. మూడువేల మందిని ఒక హోటల్లో కూర్చోబెట్టి ఆ హోటల్ని నీళ్ళమీద తోసుకువెళ్ళడం కూడా ఒక ప్రయాణమేనా అనుకునేవాణ్ణి. మా నాన్నగారిది కోనసీమ. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళి చదువుకున్న మనిషి. నీటిమీద ప్రయాణమంటే ఆయన లెక్కలో అది: పక్కన సైకిళ్ళు, మేకలు, కొబ్బరికాయల బస్తాలు, మొహానికి కొట్టే గాలి. అలాంటి మనిషిని ఏసీ గదుల ఓడలో ఏం చేస్తారని సందేహించాను. నా సందేహం తప్పు. డెబ్భై దాటినవారికి అంతకంటే అనువైన ప్రయాణం లేదని ఇప్పుడు నా నమ్మకం. రోజూ పెట్టె సర్దనక్కరలేదు, కారులో ఆరుగంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోనక్కరలేదు, "తరవాతి బాత్రూము ఎన్ని మైళ్ళు?" అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పడుకున్న మంచమే మనల్ని కొత్త ఊరికి తీసుకుపోతుంది. అలసినవారు గదికి పోవచ్చు, ఓపికున్నవారు డెక్కు మీదికి పోవచ్చు. ఒకరికోసం ఒకరు ఆగనక్కరలేదు. ఇంత సుఖమైన ఏర్పాటును చెడగొట్టేది ఎవరయ్యా అంటే, వెంట తీసుకువెళ్ళిన కొడుకులూ కూతుళ్ళూను.

ముందు ఆ అక్కరయిన పావు వంతు చెబుతాను.

మొదటిది కెనడా వీసా. "మేం సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం, అలాస్కా అమెరికాలోదే కదా, కెనడా వీసా ఎందుకు?" అని అడగనివారు లేరు. కారణం 1886 నాటి ఒక అమెరికా చట్టం. విదేశీ జెండాతో తిరిగే ఓడలు ఒక్క విదేశీ రేవునైనా తాకకుండా అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పి తీసుకురాకూడదని దాని సారాంశం. క్రూజు ఓడల్లో దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశాల జెండాలతో తిరిగేవే. అందుకే సియాటిల్ నుంచి వెళ్ళే ఓడ ఏదో ఒక సాయంత్రం బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియా రేవులో కొన్ని గంటలు ఆగుతుంది. అక్కడ పూలతోటలు బాగుంటాయి, కాదనను. కానీ ఓడ ఆగేది ముఖ్యంగా చట్టం కోసం. (కరోనా కాలంలో కెనడా తన రేవులు మూసివేసినప్పుడు, 2021లో అమెరికా ప్రత్యేకంగా ఇంకో చట్టం చేసి తాత్కాలికంగా మినహాయింపు ఇస్తే తప్ప ఆ ఏడాది అలాస్కా ఓడలు కదలలేదు.) భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా వీసా ఎంత ఘనంగా ఉన్నా కెనడా వీసా వేరే కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి అక్కర్లేదు. "మేం ఓడ దిగం లెండి" అంటే కుదరదు. మాకు తెలిసిన ఒక కుటుంబం పెట్టెలు, పిల్లలు, తాతాబామ్మలతో సియాటిల్ రేవుదాకా వెళ్ళి, ఆ ముసలి దంపతులిద్దరినీ అక్కడే ఆపేస్తే, అందరూ వెనక్కి వచ్చేశారు. డబ్బు పోయింది సరే, ఆ పెద్దాయన "నావల్ల అందరికీ పాడయిపోయింది" అని నెల్లాళ్ళు బాధపడ్డారట. ఆయన తప్పు ఏముంది? కెనడా దరఖాస్తులో వేలిముద్రలు కూడా ఇవ్వాలి, రోజులు పడుతుంది. అమ్మానాన్నలు ఇండియాలో ఉండగానే ఆ పని పూర్తి చేయించండి. వీసా చేతికి వచ్చాకే ఓడ టిక్కెట్టుకు పూర్తి డబ్బు కట్టండి.

రెండవది బీమా. తల్లిదండ్రులకు మనం కొనే విజిటర్స్ ఇన్సూరెన్సు అమెరికా నేలమీద పనిచేస్తుంది. ఓడలోను, కెనడా జలాల్లోను పనిచేస్తుందా అన్నది కాగితం చదివితే తప్ప తెలియదు. ఓడలో డాక్టరు ఉంటాడు, చిన్న ఆసుపత్రి ఉంటుంది. బిల్లు మాత్రం మన గది ఖాతాలో పడుతుంది. అసలు భయం అది కాదు. గుండెనొప్పి వంటిది వస్తే రోగిని హెలికాప్టరులోనో చిన్న విమానంలోనో పెద్ద ఊరికి చేర్చవలసి వస్తుంది. జూనోకు బయటినుంచి రోడ్డే లేదు. ఒక రాష్ట్రానికి రాజధాని అయ్యుండీ ఓడమీదో విమానం మీదో తప్ప చేరలేని ఊరు అది. కాబట్టి అత్యవసర తరలింపు ఖర్చు ఉన్న బీమాయే కొనాలి. మందులు చేతిసంచిలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది. ఈలోగా బీపీ మాత్ర వేళ దాటిపోతుంది.

మూడవది దారి. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి పక్కన, బయలు సముద్రం మీదుగా పోతాయి. వాంకూవర్ నుంచి బయలుదేరేవి ద్వీపాల చాటున, లోపలి దారిన, చెరువులో పోయినట్టు పోతాయి. పెద్దవాళ్ళకు తల తిరుగుడు, వాంతుల భయం ఉంటే ఈ తేడా చాలా పెద్దది. మేము సియాటిల్ నుంచే వెళ్ళాం. మొదటి రాత్రి, మరునాడు రోజంతా అమ్మ మంచం దిగలేదు. గది ఎంచుకోవడంలో కూడా ఇదే సూత్రం. ఓడ పొడవులో నడిమికి, ఎత్తులో కింది అంతస్తులకు దగ్గరగా ఉన్న గదిలో ఊపు తక్కువ. మనవాళ్ళు ఎక్కువ డబ్బు పోసి పై అంతస్తులో, ముందు కొసకు గది తీసుకుని, "ఇంత డబ్బు పోసినా ఊగుతోందేమిటి" అంటారు. లిఫ్టుకు దగ్గరగా ఉండటం కూడా చూసుకోండి. కొన్ని ఓడల్లో ఈ కొసనుంచి ఆ కొసకు నడిస్తే మా ఊళ్ళో గుడికి పోయి వచ్చినంత దూరం. ప్రయాణ పట్టికలో ఏదైనా రేవు పక్కన 'టెండరు' అని కనిపిస్తే, ఓడ దూరంగా నిలిచిపోతుందనీ, చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు వెళ్ళాలనీ అర్థం. మోకాళ్ళ నొప్పులవారికి అది కష్టం.

ఇక కాలం. ఏప్రిల్ చివరనుంచి అక్టోబరుదాకా ఓడలు నడుస్తాయి. వేసవి ముదిరేకొద్దీ వానలు పెరుగుతాయి. మే, జూన్ కాస్త పొడిగా ఉంటాయి. జూన్ నెలాఖరులో జూనోలో సూర్యుడు రాత్రి పదిగంటలు దాటాక అస్తమిస్తాడు. "ఇంకా సంధ్యాదీపం పెట్టే వేళ కాలేదా" అని అమ్మ మూడుసార్లు అడిగింది. ఎండాకాలమే కదా అని పలచటి బట్టలతో రాకండి. డెక్కు మీద గాలికి స్వెట్టరు, పైన వానకోటు, తలకు మంకీ క్యాపు ఉండాల్సిందే. అమెరికాలో మనం నామోషీ పడే ఆ మంకీ క్యాపే అక్కడ అందరికంటే తెలివైన టోపీ.

తిండి గురించి అడగనివారు లేరు గనుక చెప్పక తప్పదు. రైస్ కుక్కరు తీసుకుపోకండి. వేడి పుట్టించే పరికరాలు ఓడల్లో నిషిద్ధం, అగ్ని భయం చేత. ఎక్కేటప్పుడు పెట్టెలు స్కాన్ చేసి, తీసి పక్కన పెట్టేస్తారు. దిగేటప్పుడు తిరిగి తీసుకుపోయే ఆ బల్లమీద ఇస్త్రీపెట్టెల మధ్య కుక్కర్లు చూసి, ఇవన్నీ ఎవరివో నేను సులువుగా ఊహించగలిగాను. ఇంట్లో చేసిన పదార్థాల సంగతి ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. సీలు వేసిన ఆవకాయ, గోంగూర ప్యాకెట్లకు మాకు అభ్యంతరం చెప్పలేదు. శాకాహారమని టిక్కెట్టు కొన్నప్పుడే రాయించి, మొదటి రాత్రి భోజనశాలలో పెద్ద వెయిటరును పలకరించి, "మా అమ్మగారు గుడ్డు కూడా తినరు, రేపటినుంచి ఒక అన్నం, ఒక పప్పు చాలు" అని మర్యాదగా చెప్పండి. పెద్ద ఓడల వంటశాలల్లో భారతీయులు తరచు ఉంటారు. మాకు మూడో రోజునుంచి పప్పు, కూర, పెరుగు మెనూలో లేకుండానే బల్లమీదికి వచ్చాయి. అమ్మ ముద్ద పప్పులో ఆవకాయ కలుపుతుంటే పక్క బల్లవాళ్ళు అదేమిటో తమకూ కావాలన్నారు. బఫేలోకి వెళ్ళేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో పాకే నోరోవైరసుకు గుమ్మం దగ్గర పెట్టే చేతిద్రవం అంతగా పనిచేయదు. సబ్బూ నీళ్ళే మేలు.

ఎక్కిన రోజున ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే పాఠం ఒకటి ఉంటుంది. చాలా ఓడల్లో దాన్ని ఇప్పుడు టీవీలోనో ఫోనులోనో చూసి, మనకు కేటాయించిన చోటుకు వెళ్ళి హాజరు వేయించుకుంటే సరిపోతుంది. జనం దాన్ని ఒక తద్దినంలా చూస్తారు. 1912లో టైటానిక్ మునిగాకే 1914లో ఓడల భద్రతకు మొదటి అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ సాయంత్రం ఎక్కినవారికి ఇంకా ఆ పాఠం చెప్పనేలేదు. 24 గంటల్లోగా చెబితే చాలునన్నది అప్పటి నియమం. ఆ తరవాతే ఓడ కదిలే వేళకే చెప్పాలని మార్చారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి ఎరిగిన మనకు లైఫ్ జాకెట్టు సంగతి ఒకరు చెప్పాలా? పెద్దవాళ్ళను చేయిపట్టుకుని ఆ చోటుదాకా ఒకసారి మెట్లమీదుగా నడిపించండి. ప్రమాదవేళ లిఫ్టులు వాడనివ్వరు. మెట్లు దిగలేనివారయితే ఆ సంగతి ముందే చెప్పి రాయించండి.

ఇక్కడితో అక్కరయిన పావు వంతు అయిపోయింది. నా తప్పు మిగతా ముప్పాతికలో ఉంది.

మాకు రేవులు వరసగా కెచికాన్, జూనో, స్కాగ్వే. తరవాత గ్లేషియర్ బే, చివరికి విక్టోరియా. "మళ్ళీ మళ్ళీ వస్తామా" అన్న ఒక్క మాటతో మూడు రేవుల్లోనూ పొద్దున్నుంచి సాయంత్రందాకా టిక్కెట్లు కొనేశాను. కెచికాన్‌లో వాన. అక్కడ వాన పడటం వార్త కాదు, ఏడాదికి సుమారు 150 అంగుళాలు పడే ఊరు. ఆ వానలోనే టోటెం స్తంభాలు చూశాం. మరునాడు జూనోలో పొద్దున తిమింగలాల పడవ, మధ్యాహ్నం మెండెన్‌హాల్ హిమానీనదం, సాయంత్రం కొండమీదికి రోప్‌వే. తిమింగలం తోక ఎత్తినప్పుడు నాన్నగారు చప్పట్లు కొట్టారు. హిమానీనదం దగ్గర బస్సు దిగి జలపాతందాకా నడిచేసరికి ఆయన మోకాలు పొంగింది. రోప్‌వే దగ్గర వరసలో నిలబడి, "నాయనా, ఇక్కడ బెంచీ ఏమైనా ఉందా?" అన్నారు. బెంచీ లేదు. నేను అప్పుడైనా వెనక్కి తీసుకురావలసింది. టిక్కెట్లు పోతాయని పైకి తీసుకువెళ్ళాను.

స్కాగ్వేలో ఆయన ఓడ దిగలేదు. ఆ ఊరి రైలు నిజంగా గొప్ప రైలు. 1897, 98లలో క్లోండైక్ బంగారం కోసం జనం మనిషికి ఒక టన్ను సామాను మోసుకుంటూ కొండ ఎక్కిన దారిలో, 1900 నాటికి పూర్తిచేసిన చిన్న గేజి మార్గం. నాన్నగారు దాన్ని గురించి నెల ముందునుంచీ చదువుకుంటున్నారు. "మీరందరూ వెళ్ళి రండిరా, నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. నేను బతిమాలాను, కాస్త విసుక్కున్నాను కూడా. ఆ విసుగు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. ఎందుకంటే ఆ తరవాత ఆయన మళ్ళీ అమెరికా రాలేదు; మోకాళ్ళు ఒప్పుకోలేదు.

మేము తిరిగి వచ్చేసరికి ఆయన డెక్కు మీద దుప్పటి కప్పుకుని, దుర్భిణి పట్టుకుని ఉన్నారు. రేవు పక్కన నిట్టనిలువు రాతిగోడ ఒకటి ఉంది. వందేళ్ళ పైనుంచీ అక్కడికి వచ్చిన ఓడల నావికులు తమ ఓడల పేర్లూ గుర్తులూ దానిమీద రంగులతో రాసి పోతుండేవారు. నాన్నగారు పొద్దుటినుంచీ ఆ పేర్లన్నీ చదువుతూ, సంవత్సరాలతో సహా ఒక కాగితం మీద ఎక్కించారు. మేము ఎక్కిన రైలు రేవులోకే వస్తుంది గనుక మేము ఏ పెట్టెలో ఎక్కామో కూడా ఆయనకు తెలుసు. ఓడ తాళ్ళు కట్టే మనుషులకూ మన పంటువాళ్ళకూ తేడా ఏమిటో చెప్పారు. మేము రైల్లో ఫొటోలు తీసుకుంటూ చూసినదానికంటే ఆయన ఆ కుర్చీలోంచి చూసినదే ఎక్కువ.

అప్పటికి నాకు బుద్ధి వచ్చింది. మరునాడు గ్లేషియర్ బే. అదృష్టవశాత్తు అక్కడ కొనడానికి టిక్కెట్లేవీ లేవు. ఓడ ఏ రేవులోనూ ఆగదు. రోజుకు రెండే క్రూజు ఓడలను ఆ ఉద్యానంలోకి రానిస్తారు. అందుకని అలాస్కా ఓడలన్నీ అక్కడికి వెళ్ళవు. టిక్కెట్టు కొనేముందే పట్టికలో ఆ పేరు ఉందో లేదో చూడండి. వేరే ఫియర్డులకు వెళ్ళే ఓడలున్నాయి. అవీ అందమైనవే, కానీ అక్కడి కొండలు కూడా కదులుతున్నాయని మరచిపోకూడదు. 2025 ఆగస్టు 10న ట్రేసీ ఆర్మ్ అనే ఫియర్డులో కొండచరియ విరిగి నీళ్ళలో పడి పెద్ద సునామీయే లేచింది. కంపెనీవాళ్ళు దారి మార్చితే సణుక్కోకండి.

పొద్దున్నే ఉద్యానవనం రేంజర్లు చిన్న పడవలో వచ్చి నిచ్చెన మీదుగా మా ఓడ ఎక్కారు. రోజంతా మైకులో వారి వ్యాఖ్యానమే. 1794లో వాంకూవర్ నౌకాదళం అటుగా వచ్చినప్పుడు ఆ ఖాతం దాదాపు లేదు. మంచుగోడ ముఖద్వారం దగ్గరే అడ్డంగా నిలిచి ఉంది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి తగ్గి, దాని చోట సముద్రం నిండింది. అంతకుముందు, పద్దెనిమిదో శతాబ్దంలో అదే మంచు ముందుకు తోసుకువచ్చి, అక్కడ కాపురమున్న ట్లింగిట్ జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించింది. అది విని నాన్నగారు, "మన లంకల్లో గోదారి చేసే పనే కదరా ఇది" అన్నారు. చిన్నప్పుడు ఆయన చూసిన కొబ్బరితోటలూ ఇళ్ళూ ఒక్కో వరదకు ఒక్కో వరస కోసుకుపోయి ఏటిపాలయ్యాయి. మైకులో చెప్పినదంతా మాకు సమాచారం; ఆయనకు తెలిసిన కథ.

మధ్యాహ్నానికి మార్జరీ హిమానీనదం ముందు ఓడ నిలిచింది. మైలు వెడల్పు, నీటిపైన సుమారు 250 అడుగుల ఎత్తు, నీలంగా మెరిసే గోడ. ఎరుపు కాంతిని మంచు మింగేస్తుంది గనుక నీలమే మనకు దక్కుతుంది. దాని పక్కనే నల్లగా, మట్టికొట్టుకుపోయిన దిబ్బ ఒకటి ఉంటే, "ఈ మట్టికొండ ఏమిటి ఇక్కడ?" అంది అమ్మ. అది గ్రాండ్ పసిఫిక్ హిమానీనదం. ఆ ఖాతాన్నంతా చెక్కిన పెద్దది అదే. ఇప్పుడు దానివైపు కెమెరా తిప్పేవారు లేరు. ఓడ దాదాపు గంటసేపు అక్కడ మెల్లగా గుండ్రంగా తిరిగింది. అంటే కుడివైపు గదా ఎడమవైపు గదా అని ముందునుంచీ తలలు బద్దలుకొట్టుకోనక్కరలేదు, బాల్కనీ లేకపోయినా నష్టం లేదు, డెక్కు అందరిదీ. మంచుగోడలోంచి ఒక స్తంభం విరిగి పడింది. ముందు మనకు కనిపిస్తుంది, చప్పుడు తరవాత వస్తుంది. ట్లింగిట్లు దాన్ని తెల్ల ఉరుము అంటారట. ఆ గంటసేపూ మూడువేలమంది ఉన్న ఓడలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అమ్మ, మొదటిరోజు మంచం దిగని మనిషి, కిటికీ పక్క కుర్చీలోంచి ఏడుగంటలు లేవలేదు. కాఫీ తెచ్చి ఇస్తే తాగింది, అంతే.

ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పేది ఇదే. ఒక రేవులో ఒక్క పని. అది కూడా పెద్దవాళ్ళనే ఎంచుకోనివ్వండి. మిగతా రేవుల్లో ఊరికే దిగి, వీధిలో కాసేపు తిరిగి, వెనక్కి రండి. దూరం వెళ్ళే కార్యక్రమమైతే ఓడవాళ్ళ దగ్గరే కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఆగదు. అలాస్కా గడియారం సియాటిల్‌కు గంట వెనక. చేతి గడియారాన్ని ఓడ గడియారంతో కలిపి ఉంచండి, ఫోనును నమ్మకండి. ఆ ఫోనును సముద్రంలో ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవకండి; లేకపోతే ఓడ టవరును పట్టుకుని మీ జేబు ఖాళీ చేస్తుంది. అందరికీ ఒకే దుర్భిణి కాకుండా పెద్దవాళ్ళకు విడిగా ఒకటి కొనండి. మా ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చుల్లో చింత లేనిది అదొక్కటే.

కొంతమందికి నచ్చని ఒక మాట కూడా చెప్పాలి. మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లదాకా సేవారుసుమును ఓడవాళ్ళు మన ఖాతాలో వేస్తారు. కౌంటరుకు పోయి దాన్ని తీయించుకోవచ్చునని మనవాళ్ళలో ఒకరికొకరు రహస్యం చెప్పుకోవడం విన్నాను. వద్దు. గది ఊడ్చే మనిషి, బల్ల దగ్గర పప్పు తెచ్చిపెట్టిన మనిషి ఫిలిప్పీన్స్ నుంచో ఇండోనేషియా నుంచో మన దేశం నుంచో వచ్చినవారు. నెలల తరబడి, వారానికి ఏడురోజులూ పనిచేస్తారు. వాళ్ళకూ ఇంటి దగ్గర అమ్మానాన్నలున్నారు. టిక్కెట్టు ధర చూసుకునేటప్పుడే రేవు పన్నులతోపాటు ఈ రుసుమును కూడా కలిపి లెక్కవేసుకుంటే తరవాత గుండె కలుక్కుమనదు. బొమ్మలో పెద్ద అక్షరాలతో వేసే ధర, ఇద్దరుండే గదిలో ఒక్కరిది మాత్రమే.

ఇంకో సంగతిని దాటవేయలేను. సుమారు 32 వేలమంది ఉండే జూనోకు ఏడాదికి 16 లక్షలకు పైగా ఓడ ప్రయాణికులు వస్తున్నారు. ఊరివాళ్ళు విసిగి, 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించకుండా కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. అదే ఏడాది శనివారాలు ఓడలే వద్దన్న ప్రతిపాదన ఓటింగులో వీగిపోయింది. మెండెన్‌హాల్ పైన ఒక లోయలో మంచునీళ్ళు చేరి ఒక్కసారిగా తెగడంతో 2023, 2024, 2025 ఆగస్టు నెలల్లో వరుసగా ఆ ఊరి ఇళ్ళమీదికి వరద వచ్చింది. కరిగిపోతున్నదాన్ని చూడటానికి టన్నులకొద్దీ చమురు కాల్చుకుంటూ పోతున్నామన్న ఎరుక నాకుంది. వెళ్ళవద్దని చెప్పే నైతికబలం నాకు లేదు, వెళ్ళొచ్చినవాణ్ణి గనుక. వెళితే ఒక్కసారే, తీరిగ్గా వెళ్ళండి. ఊరి వీధుల్లో అడ్డంగా నిలబడి ఫొటోలు తీసుకోకండి. అది వాళ్ళు కాపురముండే ఊరు.

చివరి రాత్రి విషయం మరిచాను. దిగేముందు రాత్రి పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు. తెల్లారేసరికి వాటిని రేవుకు చేరుస్తారు. మర్నాడు వేసుకునే బట్టలు ఒక జత చేతిసంచిలో ఉంచుకోవాలని అందరికీ చెప్పండి, చెప్పి ఊరుకోక మీరే తీసి పెట్టండి. నేను చెప్పాననుకున్నాను. అమ్మ విన్నాననుకుంది. నాన్నగారి ప్యాంట్లన్నీ పెట్టెలో వెళ్ళిపోయాయి. ఆయన లుంగీ మీద స్వెట్టరు, ఆపైన మంకీ క్యాపు, చేతిలో దుర్భిణితో సియాటిల్ రేవులో దిగారు. ఇమ్మిగ్రేషన్ అధికారి ఒకసారి పైనుంచి కిందికి చూసి, క్రూజు బాగుందా అని అడిగాడు. నాన్నగారు తల ఊపి, "ఇంకో రెండు రోజులు కూర్చోనిస్తే బాగుండేది" అని తెలుగులోనే చెప్పారు.